థైరాయిడ్ ఎలాస్టోగ్రఫీ స్కాన్: సూది తప్పించుకుందామని వెళ్లినవాడి రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఈ టెస్టుకి 5కి 3 ఇస్తున్నా. ఆ 3 కూడా టెస్టుకే, నేను మొదట చేయించుకున్న సెంటర్‌కి కాదు, వాళ్లకైతే ఒకటిన్నర ఇవ్వడానికి కూడా చెయ్యి రావట్లేదు, ఎందుకో కింద చెప్తా. మెడలో గడ్డ ఉందని తెలిసిన రోజు రాత్రి ఎవరికీ నిద్రపట్టదు, ఫోన్ పట్టుకుని సూది గుచ్చకుండా అది మంచిదో చెడ్డదో చెప్పే టెస్ట్ ఏదైనా ఉందా అని వెతుకుతాం, ఎలాస్టోగ్రఫీ అనే పేరు నా కంటపడింది కూడా అలాగే. గడ్డ మెత్తగా ఉందా గట్టిగా ఉందా అన్నది స్కాన్‌లోనే రంగుల్లో చూపిస్తుందట, మెత్తగా ఉంటే బినైన్, అంటే క్యాన్సర్ కానిది అట, గట్టిగా ఉంటే మాలిగ్నెంట్, అంటే క్యాన్సర్ అట, సూదీ లేదు రక్తమూ లేదు. ఇంకేం కావాలి నాలాంటి పిరికివాడికి!

నా కథ చిన్నదే. మెడ నొప్పి అని వేరే దేనికో స్కాన్ తీస్తే థైరాయిడ్ గ్రంథి కుడి భాగంలో 1.7 సెంటీమీటర్ల నాడ్యూల్, అంటే చిన్న గడ్డ, బయటపడింది. చేత్తో తడిమితే నాకే దొరకలేదు అసలు. ఇదేమంత వింత కాదని తర్వాత తెలిసింది, చేతికి తగిలే నాడ్యూల్స్ ఆడవాళ్లలో నూటికి 5 మందికి, మగవాళ్లలో ఒక్కరికి ఉంటే, మంచి అల్ట్రాసౌండ్ మెషిన్ పెట్టి ఊరికే చూస్తే నూటికి 19 నుంచి 68 మంది దాకా ఏదో ఒకటి కనపడుతుందట, వాటిల్లో క్యాన్సర్ అని తేలేవి 7 నుంచి 15 శాతం. అంటే ఎక్కువశాతం ఏమీ కానివే. కానీ ఆ ముక్క చెప్తే మనసు వింటుందా, నేను ఆ 7లో ఉన్నానేమో అని దానికి అనుమానం.

టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష నార్మల్ వచ్చింది. స్కాన్ రిపోర్టులో టీఐ-రాడ్స్ 4 అని రాశారు, గడ్డ ఎంత అనుమానాస్పదంగా కనపడుతోందో చెప్పే కేటగిరీ అది, పొట్టిగా టీఆర్4. దీని లెక్క నేను తర్వాత కూర్చుని నేర్చుకున్నా, పరీక్ష మార్కుల్లాగే ఉంటుంది, గడ్డ లోపల నీరు లేకుండా మొత్తం కణజాలమే అయితే 2 పాయింట్లు, చుట్టూ ఉన్న గ్రంథి కంటే నల్లగా కనిపిస్తే ఇంకో 2, వెడల్పు కంటే ఎత్తు ఎక్కువుంటే 3, లోపల సన్నటి తెల్ల చుక్కలుంటే 3, అంచు గజిబిజిగా ఉంటే 2, ఇలా. నాకు మొదటి రెండూ కలిపి 4 వచ్చాయి, 4 నుంచి 6 దాకా టీఆర్4, ఆ కేటగిరీలో 1.5 సెంటీమీటర్లు దాటితే సూది టెస్ట్ చెయ్యాలి. 2017లో అమెరికా రేడియాలజీ కాలేజీ వాళ్లు పెట్టిన లెక్క ఇది. మార్కులు ఎక్కువొస్తే ఏడవాల్సిన పరీక్ష ఇదొక్కటేనేమో. ఇందులో గమనించాల్సింది ఏంటంటే ఈ పాయింట్లలో ఎక్కడా గడ్డ మెత్తదనానికి మార్కు లేదు. నేనా సంగతి అప్పుడు గమనించలేదు. గమనించుంటే ఈ రివ్యూ ఉండేది కాదు.

ఎండోక్రైన్ (హార్మోన్ల) డాక్టరమ్మ ఎఫ్‌ఎన్‌ఏసీ, అంటే సన్నటి సూదితో గడ్డలోంచి కణాలు తీసి చూసే టెస్ట్, రాసిచ్చారు. నేను బయటికొచ్చి, ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకుని, ఎలాస్టోగ్రఫీ చేసే సెంటర్ వెతుక్కున్నా.

అసలు ఈ టెస్ట్ వెనకున్న ఆలోచన మాత్రం నాకు భలే నచ్చింది, దాని గురించి కాస్త చెప్పాలి. డాక్టర్లు ఎప్పట్నుంచో చేసేది ఇదే కదా, గడ్డని వేళ్లతో నొక్కి చూడ్డం. చెవి తమ్మెలా మెత్తగా ఉందా, ముక్కు కొనలా ఉందా, నుదురులా రాయిలా ఉందా అని. థైరాయిడ్ క్యాన్సర్లలో పదింట ఎనిమిదికి పైగా పాపిలరీ రకమే, దాని లోపల పీచులాంటి కణజాలం ఎక్కువ పేరుకుంటుంది, సున్నం చుక్కలు కూడా పడతాయి, అందుకని మామూలు గ్రంథి కంటే గట్టిపడుతుంది. కాకపోతే వేలికి లోతున్నవీ చిన్నవీ అందవు, పైగా ఒక డాక్టర్ వేలికి గట్టిగా తగిలింది ఇంకో డాక్టర్‌కి పర్లేదనిపించొచ్చు. 1991లో జోనథన్ ఓఫిర్ అనే ఆయన, ఆయన టీమూ హ్యూస్టన్‌లో ఏం చేశారంటే, ఒంటి మీద ఆన్చే స్కాన్ పరికరం, అంటే ప్రోబ్‌తో కొంచెం నొక్కి, నొక్కక ముందు వచ్చిన సిగ్నల్‌నీ నొక్కాక వచ్చిన సిగ్నల్‌నీ పోల్చి ఎక్కడ ఎంత అణిగిందో లెక్కగట్టి బొమ్మగా చూపించారు. మెత్తనిది ఎక్కువ అణుగుతుంది, గట్టిది అణగదు, అంతే సూత్రం. అంటే డాక్టర్ వేలు చేసే పనే, కాకపోతే ఇక్కడ వేలి బదులు ప్రోబ్, అనుభవం బదులు లెక్క. దీన్ని స్ట్రెయిన్ ఎలాస్టోగ్రఫీ అంటారు, నేను మొదట చేయించుకుంది ఇదే.

సెంటర్‌లో అనుభవం చెప్తా. పడుకోబెట్టి భుజాల కింద దిండు పెట్టి తల వెనక్కి వాల్చమన్నారు, జెల్ పూశారు, ముందు మామూలు స్కాన్ చేశారు, తర్వాత ఒక బటన్ నొక్కగానే తెరమీద బొమ్మ రెండుగా చీలి ఒకవైపు నలుపు తెలుపు, ఇంకోవైపు రంగులు వచ్చాయి. "మింగకండి, మాట్లాడకండి, ఊపిరి ఆపండి" అన్నారు. మింగొద్దు అన్నాక గుటక ఆపుకోవడం ఎంత కష్టమో మీకే తెలుసు. ఆయన ప్రోబ్‌ని పైకీ కిందకీ సన్నగా ఆడిస్తున్నారు, తెర పక్కన ఒక చిన్న మీటర్ పట్టీ లాంటిది ఉంది, నొక్కుడు సరిగ్గా పడితే అది నిండుతుంది, ఎక్కువ నొక్కినా తక్కువ నొక్కినా పడిపోతుంది, నేను దాన్నే చూస్తూ పడుకున్నా. అది సగం కూడా నిండకుండానే ఆయన ఫోటో ఫ్రీజ్ చేసేశారు. బయట జనం ఉన్నారులే అనుకున్నా అప్పుడు. మొత్తం మీద పది నిమిషాలు. నొప్పి లేదు, రేడియేషన్ లేదు, ఇంటికి నడిచొచ్చేశా.

సాయంత్రం రిపోర్టు వచ్చింది. మామూలు స్కాన్ వివరాలన్నీ అరపేజీ రాసి, కింద ఒకే ఒక్క లైను, ఎలాస్టోగ్రఫీ చేయడమైనది, ఇమేజ్ జతపరచడమైనది. అంతే! స్కోర్ లేదు, మెత్తనో గట్టో లేదు. జతపరిచిన బొమ్మలో నా నాడ్యూల్ మొత్తం నీలం.

ఇక చూస్కోండి. నెట్‌లో వెతికితే ఒక రీసెర్చ్ పేపర్‌లో 5 పాయింట్ల స్కోర్ ఒకటి దొరికింది, 1 అంటే గడ్డ మొత్తం మెత్తగా సాగుతోందని, 4 అంటే గడ్డలో ఎక్కడా సాగుడు లేదని, 5 అంటే గడ్డతో పాటు దాని వెనక నీడ పడ్డ భాగం కూడా గట్టిగా ఉందని, ఆ బొమ్మల్లో గట్టిదంతా నీలం రంగు! నాదీ నీలమే, అంచు నుంచి అంచు దాకా నీలం. పైగా అదే పేపర్‌లో, 2007లో ఇటలీలోని పీసా వాళ్లు రాసింది, స్కోర్ 4 గానీ 5 గానీ వస్తే క్యాన్సర్ అని చెప్పడంలో సెన్సిటివిటీ (ఉన్న క్యాన్సర్‌ని పట్టుకోవడం) 97 శాతం, స్పెసిఫిసిటీ (లేనప్పుడు లేదని చెప్పడం) 100 శాతం అని ఉంది. వందకి వంద. నాకు గుండె జారి అరికాళ్లలోకొచ్చింది. రెండు రాత్రులు నిద్రలేదు, ఇంట్లోవాళ్లకి చెప్పలేదు, ఇన్సూరెన్స్ కాగితాలు తీసి సర్దుకున్నా కూడా.

మూడోరోజు పొద్దున బొమ్మని పెద్దది చేసి చూస్తుంటే అంచున గోరంత రంగుల పట్టీ కనపడింది. పైన ఎరుపు, కింద నీలం. ఎరుపు పక్కన గట్టి అని, నీలం పక్కన మెత్తన అని సన్నటి అక్షరాల్లో ఉంది. అంటే నాది మెత్తనిది! సంగతేంటంటే ఏ రంగు దేనికి అన్నది కంపెనీ కంపెనీకీ మారుతుంది. ఎలాస్టోగ్రఫీ మొదట్లో వచ్చిన చాలా పేపర్లు హిటాచీ మెషిన్లవి, వాటిల్లో నీలం గట్టి, ఎరుపు మెత్తన. ఇంకొన్ని మెషిన్లలో సరిగ్గా తలకిందులు. ఇంతమంది ఇంజనీర్లు కూర్చుని ఒక రంగు మీద ఒప్పందానికి రాలేకపోవడం ఏంటో నాకర్థం కాదు, సరే వాళ్లు రాలేదు, కనీసం రిపోర్టు రాసే ఆయన మా మెషిన్‌లో నీలం అంటే మెత్తన అని ఒక్క ముక్క రాయొచ్చు కదా. సెంటర్‌కి ఫోన్ చేసి అడిగితే "అది డాక్టర్లకి తెలుస్తుందండీ" అన్నారు. రిపోర్టు చేతికిచ్చింది నాకు, తెలియాల్సింది మాత్రం డాక్టర్లకట. ఒకటిన్నర స్టార్ అందుకే, ఆ మీటర్ పట్టీ నిండకుండానే ఫోటో తీసినందుకు కూడా కలిపి.

సరే, మెత్తన అని తేలింది కదా, ఎగురుకుంటూ డాక్టరమ్మ దగ్గరికెళ్లా. ఆవిడ బొమ్మ చూసి, నన్ను చూసి, "సూది చేయించుకోలేదా?" అన్నారు.

"లేదు మేడమ్, ఇది చేయించా, మెత్తగా ఉందని వచ్చింది, ఇంక సూది అక్కర్లేదు కదా?"

"గట్టిగా ఉందని వచ్చుంటే ఇంకొంచెం తొందరపడేదాన్ని. మెత్తగా ఉందని వచ్చింది కాబట్టి ఊరుకోమంటే ఊరుకోలేనండీ."

నాకు కోపమొచ్చింది, ఆ పీసా పేపర్ చూపించా ఫోన్‌లో. ఆవిడ నవ్వలేదు, విసుక్కోలేదు, అందుకు మాత్రం మెచ్చుకోవాలి. ఆ 97 శాతం వచ్చిన పేపర్‌లో ఉన్నది 92 మంది, అందరూ ఆపరేషన్‌కి వెళ్తున్నవాళ్లు, వాళ్లలో మూడోవంతుకి క్యాన్సర్ తేలింది, దారిన పోయేవాళ్లని పిలిచి చేసిన లెక్క కాదు అది అన్నారు. తర్వాత 2012లో కొరియా వాళ్లు లోపల నీరు లేని 703 నాడ్యూల్స్ మీద చూస్తే ఎలాస్టోగ్రఫీ ఒక్కదాన్నే పెట్టి చూసినా, మామూలు నలుపు తెలుపు స్కాన్‌తో కలిపి చూసినా, ఆ నలుపు తెలుపు స్కాన్ ఒక్కదానికన్నా మెరుగ్గా ఏమీ రాలేదట, ఇంకా వెనకబడిందట. రంగులొచ్చి తెలుపు నలుపు ముందు ఓడిపోవడం నాకు కొంచెం బాధే అనిపించింది. 2015లో అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ గైడ్‌లైన్స్‌లో కూడా ఈ టెస్ట్ ఆశాజనకంగా ఉంది కానీ దీన్ని చూసి సూది నిర్ణయం మార్చొద్దు అన్న ధోరణిలోనే ఉంది. మామూలు స్కాన్‌కి తోడుగా వాడుకోవచ్చు, దాని బదులు కాదు, అంతవరకే ఎవరైనా ఒప్పుకునేది.

"మరి ఎందుకు పెట్టారు మేడమ్ ఈ టెస్ట్?" అన్నా. "తోడుకి" అన్నారు.

నేను అక్కడితో ఆగితే నేనెలా అవుతా. షియర్ వేవ్ అని ఇంకో రకం ఉంది, అది చేతి నొక్కుడు మీద ఆధారపడదు, నంబర్ ఇస్తుంది అని చదివా. రెండో సెంటర్‌కి వెళ్లా. ఇది మాత్రం మంచి అనుభవం, నా 3 స్టార్లలో రెండు వీళ్లు సంపాదించినవే. ఇందులో ప్రోబ్ నుంచే ఒక గట్టి తోపు లాంటి ధ్వని తరంగం లోపలికెళ్లి కణజాలాన్ని సన్నగా కదిలిస్తుంది, ఆ కుదుపు చెరువులో రాయేస్తే అలలు పక్కలకి పోయినట్టు పక్కకి పాకుతుంది, ఆ అల ఎంత వేగంగా పాకిందో మెషిన్ సెకనుకి వేలకొద్దీ బొమ్మలు తీసి కొలుస్తుంది. గట్టిదాంట్లో అల వేగంగా పోతుంది, మెత్తనిదాంట్లో నెమ్మదిగా పోతుంది. ఆ వేగాన్ని వర్గం చేసి, సాంద్రతతో గుణించి, ఇంకో మూడుతో గుణిస్తే కిలోపాస్కల్స్ అనే కొలతలో గట్టిదనం వస్తుంది. మామూలు అల్ట్రాసౌండ్ శబ్దం మన ఒంట్లో సెకనుకి 1540 మీటర్లు పోతుంటే ఈ అల పోయేది సెకనుకి మూడు నాలుగు మీటర్లు, మనిషి నెమ్మదిగా పరిగెత్తే వేగం. నాకది ఎందుకో ముచ్చటేసింది, నా మెడలో ఎవరో జాగింగ్ చేస్తున్నట్టు.

ఈ రేడియాలజిస్ట్ అమ్మాయి చిన్నావిడే గానీ చేతిలో పని ఉంది. జెల్ దండిగా పోసి, ప్రోబ్‌ని ఆనీ ఆననట్టు పెట్టి, కదపకుండా కాసేపు ఆగి, రంగు నిలకడగా నిలిచాకే నంబర్ తీశారు. "మొన్న వాళ్లు ప్రోబ్‌తో ఆడిస్తూ నొక్కారండీ" అంటే, అది ఆ రకం, ఇందులో నొక్కితే నంబర్ తప్పొస్తుంది, నొక్కగానే ఏదైనా గట్టిపడుతుంది కదా అన్నారు. నిజమా అని అడిగితే నా కళ్లముందే చేసి చూపించారు. వదులుగా పెట్టినప్పుడు 28, 31, 34 కిలోపాస్కల్స్ వచ్చింది, అదే గడ్డ మీద కొంచెం బలంగా ఆన్చగానే 52. ఒకటే గడ్డ, ఒకటే మనిషి, ఒకటే నిమిషం! తర్వాత ప్రోబ్‌ని అడ్డంగా తిప్పి చూపించారు, పక్కన మెడ రక్తనాళం కొట్టుకుంటుంటే రంగు కూడా దాంతోపాటే ఎగురుతోంది, అందుకని నిలువుగానే కొలుస్తామన్నారు. ఇక్కడ నా గడ్డ నీలమే, ఇందులో నీలం మెత్తన, ఎరుపు గట్టి. రంగు మాట ఆవిడే ముందుగా చెప్పారు, నేను అడక్కుండా.

ఇక ఏ నంబర్ దాటితే భయపడాలి అంటే, 2010లో ఫ్రాన్స్ వాళ్లు రాసిన పేపర్‌లో 65 కిలోపాస్కల్స్ గీత పెట్టుకున్నారు, దాంట్లో సెన్సిటివిటీ 85 శాతం, స్పెసిఫిసిటీ 94 శాతం దగ్గర వచ్చింది. తర్వాత వచ్చిన పేపర్లలో ఒక్కొక్కరు ఒక్కో గీత గీశారు, కొందరిది దీనికంటే బాగా కింద. మెషిన్ మారితే నంబర్ మారుతుంది, కొలిచే తీరు మారితే మారుతుంది. కాబట్టి మీ రిపోర్టులో 40 అని ఉండి పక్కింటాయన రిపోర్టులో 25 అని ఉంటే పోల్చుకుని ఏడవకండి.

అసలు గట్టి అంటే చెడ్డ, మెత్తన అంటే మంచి అన్న లెక్క ఎక్కడెక్కడ తప్పుతుందో చూస్తే నాకు డాక్టరమ్మ మాట అర్థమైంది. మా పిన్నికి చాలా ఏళ్లుగా థైరాయిడ్ గడ్డ ఉంది, ఎలాస్టోగ్రఫీ చేస్తే రాయి కంటే గట్టి అని వచ్చింది, ఇల్లంతా కంగారు. తీరా చూస్తే పాత గడ్డ చుట్టూ సున్నం పేరుకుని గుడ్డు పెంకులా తయారైంది, సూదిలో బినైన్. "ఒరేయ్, నా గడ్డ గట్టిది కాదురా, దాని చొక్కా గట్టిది" అనేది పిన్ని. లోపల నీరున్న గడ్డ అయితే ఇంకో తంటా, నీరు గట్టిదనానికి లెక్కకి రాదు, బొమ్మలో ఏవేవో రంగులు పడతాయి, దాన్ని నమ్మకూడదు. హషిమోటో అనే దీర్ఘకాలపు థైరాయిడ్ వాపు జబ్బు ఉన్నవాళ్లకి గ్రంథి మొత్తమే గట్టిపడి ఉంటుంది కాబట్టి గడ్డని చుట్టుపక్కలతో పోల్చి చెప్పే స్ట్రెయిన్ రేషియో తేడా కొడుతుంది, పోల్చడానికి మెత్తని చోటంటూ ఉండాలి కదా. వైరల్ జ్వరం తర్వాత వచ్చే సబ్‌అక్యూట్ థైరాయిడైటిస్ అనే థైరాయిడ్ వాపులో నొప్పితో గడ్డకట్టిన చోటు క్యాన్సర్ అంత గట్టిగా చూపిస్తుంది, కొన్ని వారాలకి అదే మెత్తబడుతుంది. బాగా పెద్ద గడ్డలూ, ఒకదానికొకటి అతుక్కుపోయిన గడ్డలూ, శ్వాసనాళం మీద మధ్యలో ఉన్నవీ, బాగా లోతున్నవీ, ఇవన్నీ సరిగ్గా కొలవడం కష్టం.

ఇవన్నీ అనవసరంగా భయపెట్టేవి. భయపెట్టకుండా ముంచేది ఫాలిక్యులర్ అనే ఇంకో రకం థైరాయిడ్ క్యాన్సర్. పాపిలరీ గట్టిగా ఉంటుంది కాబట్టి దొరుకుతుంది, ఫాలిక్యులర్ క్యాన్సర్ చాలాసార్లు మెత్తగానే ఉంటుంది, క్యాన్సర్ కాని మామూలు అడినోమా గడ్డ లాగే, రంగుల్లో దొరకదు. నిజం చెప్పాలంటే అది సూదికి కూడా పూర్తిగా దొరకదు, కణాలు గడ్డ తొడుగుని చీల్చుకుని బయటికొచ్చాయా లేదా అన్నది ఆపరేషన్‌లో తీసిన గడ్డని కోసి చూస్తేనే తెలుస్తుంది. కాకపోతే సూది కనీసం అనుమానం ఉందని చెప్పి, సూది ఫలితాలకి వాడే బెథెస్డా లెక్కలో 4లో వేస్తుంది, రంగుల బొమ్మ మాత్రం అంతా బాగానే ఉంది పో అని పంపించేస్తుంది. నాలాగా మెత్తన అని సంబరపడి ఇంటికెళ్లిపోయే వాళ్లకి ఇదే అసలు ప్రమాదం.

చివరికి సూది చేయించుకున్నా. ఇంతా చేస్తే ఆ సూది, రక్తం తీసే సూది కంటే సన్నం. స్కాన్‌లో చూస్తూ మూడుసార్లు గుచ్చారు, ఒక్కోటి పది సెకన్లు ఉంటుందేమో, మొదటిదానికి కళ్లు గట్టిగా మూసుకున్నా, మూడోదానికి తెర చూస్తూ పడుకున్నా. ఎలాస్టోగ్రఫీలో గుటక ఆపుకుని పడుకున్న పది నిమిషాలే దీనికంటే ఇబ్బంది. రిపోర్టు బెథెస్డా 2, బినైన్. అంటే ఎలాస్టోగ్రఫీ చెప్పిందే నిజమైంది, రెండు సెంటర్లలోనూ. మరి 3 స్టార్లే ఎందుకంటారేమో, నిజం చెప్పింది కరెక్టే, కానీ చెప్పింది నిజమని నమ్మడానికి నాకు సూదే కావాల్సొచ్చింది.

కాబట్టి ఎవరికి పనికొస్తుంది అంటే నా ఉద్దేశం ఇది, మీ డాక్టర్ ఎటూ స్కాన్ చేస్తున్నప్పుడు అదే సిటింగ్‌లో ఇది కూడా చేస్తానంటే హాయిగా చేయించుకోండి, పోయేదేం లేదు. రెండు మూడు నాడ్యూల్స్ ఉండి ముందు దేనికి సూది పెట్టాలో తేల్చుకోవాలంటే గట్టిది ఏదో తెలియడం డాక్టర్‌కి ఉపయోగపడొచ్చు. సూదిలో బినైన్ వచ్చాక ఏడాదికోసారి చూస్తుంటే గట్టిదనం ఏమైనా మారిందా అని ఒక కన్నేసి ఉంచడానికి కూడా ఒక లెక్క ఉంటుంది, ఒకే మెషిన్ అయితే. కానీ నాలాగా డాక్టర్ రాసిన సూది చీటీ జేబులో దాచుకుని దీని వెంట పడితే మాత్రం టైమ్ దండగ, నిద్ర దండగ. ఇంకోమాట, స్కాన్ సెంటర్‌కి వెళ్లేముందే ఫోన్‌లో అడగండి, స్ట్రెయినా షియర్ వేవా, రిపోర్టులో స్కోరో కిలోపాస్కల్సో రాస్తారా, ఎన్నిసార్లు కొలుస్తారు అని. ఈ ప్రశ్నకి ఫోన్ అవతల తడబడితే ఇంకో సెంటర్ చూసుకోండి. గడ్డ లోపల నీరుందని గానీ, సున్నం పేరుకుందని గానీ మామూలు స్కాన్‌లో ముందే రాసుంటే అసలు దీని జోలికే వెళ్లకండి.

మొన్న ఏడాది తర్వాత చెకప్‌కి వెళ్లా, అదే రెండో సెంటర్, అదే మెషిన్, ఆ అమ్మాయి లేదు, వేరే ఆయన ఉన్నారు. గడ్డ 1.7 దగ్గరే ఉంది, నంబర్ 30 వచ్చింది. జెల్ పూస్తుండగానే, ఆయన ఇంకా ప్రోబ్ ఆన్చకముందే, నేనే అడిగా, సార్, మీ మెషిన్‌లో నీలం అంటే మెత్తనేనా, ఈ ఏడాదిలో ఏమీ మార్చలేదు కదా అని.